ముందు ముట్టుకునే చెయ్యి

ఫోర్మన్ మావయ్య పోయాడన్న కబురు బడి ఆఫీసు ఫోనులో తెలిసింది. అవతల అత్తయ్య. ఏడవడం లేదు. "మావయ్య లేవలేదే. టీ పెట్టి పిలిసేను, లేవలేదు" అంది, అదేదో నేను వచ్చి లేపితే లేస్తాడన్నట్టు. అంతలో ఎవరో ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని, నిద్రలోనే ప్రాణం పోయిందని, డాక్టరు వచ్చి చూసి వెళ్లాడని హిందీలో చెప్పారు. నేను ఫోను పెట్టేశాను. ఎండాకాలం సెలవుల ముందు రోజులు, బయట పిల్లల గోల. లోపల నాకు ఏమీ వినబడలేదు.

భిలాయిలో మా చర్చి బడి తెలిసినవాళ్లకి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. విజయనగరం వైపు పల్లెటూరి నుంచి, ఉక్కు ప్లాంటు ఇంకా కడుతున్న రోజుల్లో వచ్చినవాడు. రష్యావాళ్లు పక్కన నిలబడి పని చూపిస్తే నేర్చుకున్న తరం. రోలింగు మిల్లులో కరెంటు పనికి ఫోర్మన్ అయి, అక్కడే రిటైరయ్యాడు. సెక్టర్ 6 క్వార్టరు ఖాళీ చేసి క్యాంప్ 1లో చిన్న ఇల్లు కొనుక్కున్నాక, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని సైకిలు తొక్కుకుంటూ మా బడికి వచ్చి ఫ్యాన్లూ స్విచ్చులూ బాగుచేసేవాడు. నేను ఆ బడి ఆఫీసులో క్లర్కుని. మా నాన్న, ఆయన ఒకే మిల్లులో చేశారు కాబట్టి నాకు మావయ్య. ఆయనకి నేను కోడలిని. ఆయనకి ఉన్నది ఒక్కతే కూతురు. కొడుకే లేనివాడికి కోడలెక్కడి నుంచి వచ్చిందని అడిగితే, పని చెప్పడానికి కోడలు కావాలి గాని కొడుకెందుకు అనేవాడు.

మెత్తని మనిషి మాత్రం కాదు. ఇది రాయకపోతే ఆయనకే నచ్చదు. మాట కరుకు. చాయ్‌లో పంచదార ఎక్కువైనా అలిగేవాడు. కరెంటు పనికి కూర్చున్నప్పుడు మాత్రం ఎక్కడ లేని ఓపికా వచ్చేది. మా బడి సెక్రటరీ గారికి అది గిట్టేది కాదు. ఆయన కూడా తెలుగాయనే, అన్నీ నిన్ననే అయిపోవాలనే రకం. "తొందర్ని గొడుగులాగ గుమ్మం బైట పెట్టీసి రండి బాబూ" అని మావయ్య ఆయన మొహం మీదే అనేవాడు. కరెంటుకి మొహమాటం లేదనేది ఆయన ఊతపదం. ఆ లెక్కన ఆయనకీ లేదు.

ఆయన పద్ధతులు రెండు చెప్పాలి. ఏ పని మొదలుపెట్టినా ముందు ఫ్యూజు ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. పని అయ్యేదాకా అది జేబులోనే. బోర్డు మీదో బల్ల మీదో పెడితే, ఫ్యాన్ ఆగిందని ఎవరో ఒక పుణ్యాత్ముడు తీసి తగిలించేస్తాడట. మిల్లులో అలాంటి పుణ్యాత్ముల వల్ల పోయినవాళ్లని ఆయన చూశాడు. ఆ కథలు అడిగితే చెప్పేవాడు కాదు. రెండోది, ఏ సామానుకి కొత్తగా ప్లగ్గు కట్టినా, కరెంటు వేశాక మొదట దాన్ని ముట్టుకునే చెయ్యి కట్టినవాడిదే అయి ఉండాలి. అదీ అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు. అరచెయ్యి తగిలితే వేళ్లు ముడుచుకుని పట్టుకుపోతాయి. ఇప్పుడు నా దగ్గర మీటరు ఉంది, చెయ్యి పెట్టి చూడమని నేను ఎవరికీ చెప్పను. కానీ ఆ పద్ధతి వెనకున్న మాట మాత్రం నాకు మీటరు కంటే ఎక్కువ.

ఇక కూలరు రోజు గురించి రాయాలి. ఆ రోజు లేకుండా ఆయన్ని తలుచుకోవడం నాకు చేతకాదు.

మా భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చాక రెండో ఎండాకాలం. అడ్మిషన్ల రోజు. వరండా నిండా తల్లిదండ్రులు, పిల్లలు. వడగాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయి, మనుషులు వాడిపోతున్నారు. సెక్రటరీ గారు క్యాంపులో రేకు పని చేసేవాడి దగ్గర ఇనప కూలరు ఒకటి కొని రిక్షాలో తెప్పించారు. ఆఫీసు గుమ్మం పక్కన, వరండాలో, స్టాండు మీద పెట్టించారు. దానికి ప్లగ్గు లేదు. వైరు చివర మూడు తీగలు వేలాడుతున్నాయి, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. తీగలు సాకెట్టు కన్నాల్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చేస్తే చాలు, ఊరంతా అలాగే నడుస్తోందని రిక్షా అతను సలహా ఇచ్చాడు. మావయ్య అతని వంక చూసిన చూపుకి అతను మంచినీళ్లు కూడా అడక్కుండా వెళ్లిపోయాడు.

ఈలోగా నీళ్లు పోసే బాయి, అంటే మా బడి ఆయా, బకెట్లతో కూలరు నింపేసింది. పక్కల నుంచి చుక్కలు కారి వరండా గచ్చంతా తడి. అసలు తిరగకముందే పిల్లలు దాని చుట్టూ చేరారు. ఆ ఎండలో తడిసిన గడ్డి వాసనకే వాళ్లకి ప్రాణం లేచొచ్చింది. కొందరి కాళ్లకి చెప్పుల్లేవు. మావయ్య ఫ్యూజు జేబులో వేసుకుని నా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఫ్యాన్ ఆగిపోయింది. చెమట ఆయన ముక్కు మీద నుంచి ప్లగ్గు మీద పడుతోంది. సెక్రటరీ గారు వచ్చి ఎంతసేపు అన్నారు. వెళ్లారు. మళ్లీ వచ్చి, ఆడవాళ్లు సొమ్మసిల్లేలా ఉన్నారు అన్నారు. మూడోసారి వచ్చి బల్ల పక్కనే నిలబడిపోయారు. మావయ్య తలెత్తకుండా స్క్రూ తిప్పుతున్నాడు. ఎప్పుడూ అనే గొడుగు మాట కూడా అనలేదు. ఆ రోజు ఆయన కూడా తొందరపడుతున్నాడని నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

ప్లగ్గు బిగించాడు. సాకెట్టులో పెట్టాడు. కూలరు ముందు ఒక పొడి చెక్క పలక వేశాడు. పిల్లల్ని గోడ దాకా జరపమని నాకు చెప్పి, ఫ్యూజు పెట్టి, స్విచ్ వేశాడు.

కూలరు తిరగలేదు.

నేను చేతులు చాపి పిల్లలకి అడ్డంగా నిలబడ్డాను. వెనక నుంచి తోస్తున్నారు. నా మోచేతి కింద నుంచి ఒక చిన్నపిల్ల దూరి, కారుతున్న నీళ్ల వైపు పరుగెత్తబోయింది. చేతికి అందింది దాని జడ. పట్టుకుని లాగాను. కెవ్వుమని ఏడ్చింది. వాళ్లమ్మ నన్ను హిందీలో తిట్టడం మొదలుపెట్టింది. అటు సెక్రటరీ గారు "ఏటి, తిరగదేటి?" అంటూ అరచెయ్యి ఎత్తారు. మా ఊళ్లో రేడియో అయినా, టీవీ అయినా, కూలరు అయినా మొరాయిస్తే ముందు ఒక దెబ్బ వేస్తారు. అది అందరికీ తెలిసిన వైద్యం. ఆ చెయ్యి రేకు మీద పడేలోపు మావయ్య భుజంతో ఆయన్ని ఒక్క తోపు తోశాడు. ఆయన గుమ్మంలో వెల్లకిలా పడ్డారు.

వరండాలో నా చేతి కింద ఆ పిల్ల ఒక్కతే ఏడుస్తోంది.

మావయ్య టెస్టరు తీసి రేకుకి ఆనించాడు. వాలిన మధ్యాహ్నపు ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. అందులో బుల్లి దీపం వెలిగిందో లేదో కనబడే వెలుగు కాదది. చెయ్యి అడ్డుపెట్టి చూశాడు, తల తిప్పి చూశాడు. అప్పుడు టెస్టరు జేబులో పెట్టుకుని, చెక్క పలక ఎక్కి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడిచేతి వేళ్ల వెనకవైపు మెల్లిగా కూలరుకి తాకించాడు.

ఆ చెయ్యి ఎగిరి వెళ్లి తలుపు చట్రానికి కొట్టుకుంది. కణుపుల మీద చర్మం లేచిపోయి రక్తం వచ్చింది. ఆయన పలక మీదే ఊగి, నిలదొక్కుకున్నాడు. "ఎవులూ ముట్టుకోకండి" అన్నాడు. అరవలేదు. ఇనప పెట్టె అంతటా కరెంటు ఉంది. పొడి చెక్క మీద, రబ్బరు చెప్పులతో నిలబడ్డవాడికే అలా అయితే, తడి గచ్చు మీద వట్టికాళ్లతో పరుగెత్తిన ఆ పిల్ల సంగతేమిటో మీరే ఆలోచించండి. నేను ఇప్పటికీ ఆలోచించను. ఆలోచన అటు వెళ్లబోతే లేచి ఏదో ఒక పని చేసుకుంటాను.

స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీసి, ఆయన అందరి మధ్యా నేల మీద చతికిలబడి ప్లగ్గు విప్పాడు. సెక్రటరీ గారు లేచి దుమ్ము దులుపుకుంటూ, ఆ రేకువాడు దొంగ వైరు వేసి ఉంటాడని అన్నారు. ఆ మాట పట్టుకుంటే సరిపోయేది. అక్కడున్న ఎవరికీ తేడా తెలియదు. మావయ్య విప్పిన ప్లగ్గు పైకెత్తి అందరికీ చూపించాడు.

"దుకాణపోడికేటి సమ్మందం. తప్పు నాది. పచ్చ తీగ పట్టుకెల్లి కరెంటు పిన్నుకి కట్టీసేను" అన్నాడు.

తరువాత నాకు విడమరిచి చెప్పాడు. మన దగ్గర ఆకుపచ్చ తీగ ఎర్త్‌ది. సామాను ఒంటికి దాన్నే కడతారు, ఎక్కడైనా కరెంటు లీకయితే మనుషుల్లోంచి కాకుండా భూమిలోకి పోవాలని. కానీ ఆయన పని నేర్చుకున్న పాత మిల్లులో, రష్యావాళ్లు తెచ్చిన ప్యానెళ్లలో, ఆకుపచ్చ రంగు కరెంటుది. నలుపు ఎర్త్‌ది. ఇక్కడి లెక్క ఆయనకి తెలియక కాదు, ఎన్నో ప్లగ్గులు సరిగ్గానే కట్టాడు. ఆ రోజు పక్కన నిలబడి తొందరపెడుతుంటే బుర్ర ఒక చోట ఉంది, చేతులు వాటి పాత దారిన అవి పోయాయి. నలుపుని ఎర్త్ పిన్నుకి, పచ్చని కరెంటుకి, మిగిలిన ఎరుపుని మూడో పిన్నుకి, అందుకే మోటారు తిరగలేదు. అలా తిన్నగా కూలరు ఒంట్లోకి పంపాడు. ఆ మిల్లులో పనిచేసినవాడు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది.

అక్కడే కూర్చుని మళ్లీ కట్టాడు. ఈసారి ప్రతి తీగకీ నన్ను అడిగాడు, ఇది ఏ రంగు అని. ఎక్కడికో తనే పైకి చెప్పాడు. రక్తం కారుతున్న చేత్తోనే బిగించి, స్విచ్ వేసి, మళ్లీ అదే చేతి వెనకవైపు కూలరుకి ఆనించాడు. ఏమీ కాలేదు. కూలరు తిరిగింది, చల్లగాలి వరండా అంతా పరుచుకుంది, జనం హమ్మయ్య అనుకున్నారు. ఆయన ఆ గాలిలో ఒక్క నిమిషం నిలబడలేదు. సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి నేనే క్యాంప్ 1కి వెళ్లాను. సందులో మంచం వేసుకుని కూర్చున్నాడు. అన్నం సరిగ్గా తినడం లేదని, రాత్రుళ్లు లేచి చేతులు చూసుకుంటున్నాడని అత్తయ్య నాతో వంటింట్లో చెప్పింది. నేను వెళ్లి పక్కన కూర్చుంటే, బడి గురించి గాని, సెక్రటరీ గారి గురించి గాని ఏమీ అడగలేదు. ఒకటే అడిగాడు.

"ఆ గుంటకి జడ నొప్పెట్టిందేటి?"

నొప్పెట్టిందని, ఆ సాయంత్రమే ఇంకో పిల్లతో తగువాడుతూ కనిపించిందని చెప్పాను. అప్పుడు ఏడ్చాడు. అంత కరుకు మనిషి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేను ఆ కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఆ తరువాత సోమవారం బడికి వచ్చాడు, సంచి నిండా ప్లగ్గులూ వైరు ముక్కలూ వేసుకుని. అవి నా బల్ల మీద కుమ్మరించి నేర్చుకోమన్నాడు. నాకెందుకు మావయ్యా, నేను ఫీజుల రశీదులు రాసుకునేదాన్ని అన్నాను. "నీ సేతులకి పాత అలవాట్లు లేవు కోడలా" అన్నాడు. ఇంకేం చెప్పాలి.

నేర్పడంలో మాత్రం దయాదాక్షిణ్యాలు లేవు. పైతొడుగు కోసేటప్పుడు లోపలి తీగ మీద గాటు పడితే ఆ ముక్క మొత్తం కత్తిరించి పారేయించేవాడు. రాగి పోగులు మెలిపెట్టాలి, ఒక్క పోగు బయటికి రాకూడదు. పెద్ద పిన్ను ఎర్త్‌ది, ఆకుపచ్చ దానికే. ఆ పచ్చ తీగని మిగతా రెండిటి కంటే కాస్త పొడుగు ఉంచాలి. ఎవరైనా వైరు పట్టుకుని లాగినా, అన్నీ ఊడాకే అది ఊడాలి. వైరు మెడ దగ్గర బిగింపు ఉంటుంది, అది పట్టుకోవాల్సింది పైతొడుగుని, లోపలి తీగల్ని కాదు. మూత వేసే ముందు ఒక్కొక్క తీగా పట్టుకుని లాగి చూడాలి. నా వేళ్లు బొబ్బలెక్కాయి. ఇంట్లో మా ఆయన, ఫీజులు వసూలు చేసే ఉద్యోగంలో ఈ బొబ్బలేమిటని నవ్వాడు.

కూలరు రోజు తరువాత ఆయన పెట్టిన కొత్త పద్ధతి ఇంకొకటుంది. తీగ బిగించే ముందు దాని రంగు, అది వెళ్లే చోటు నోటితో గట్టిగా చెప్పాలి. పక్కన ఒకరుండి వినాలి. విన్నవాళ్లు విన్నామని చెప్పాకే స్క్రూ తిప్పాలి. చేతులు దారి తప్పినా చెవులు పట్టుకుంటాయని ఆయన ఆశ. "పచ్చ, పైన, ఎర్త్" అని నేను. "ఇన్నాను" అని ఆయన. బల్ల ఫ్యాను, టైపు మిషను పక్కన దీపం, కొత్తగా వచ్చిన జిరాక్సు మిషను, అన్నిటికీ ఇదే తంతు. ఫీజు కట్టడానికి వచ్చినవాళ్లు కిటికీలోంచి చూసి ఇక్కడేదో ప్రార్థన జరుగుతోందనుకునేవాళ్లు. నేను కట్టినప్పుడు ముందు ముట్టుకునేది నేనే. ఆయన పక్కన ఊపిరి బిగబట్టి నిలబడేవాడు. నా చెయ్యి ఆనాక, ఏమీ కాలేదని తెలిశాక, ఆయన మొహంలో రంగు తిరిగొచ్చేది. నాలుగు మాటల మెచ్చుకోలు ఎప్పుడూ లేదు. ఆ రంగే నాకు మెచ్చుకోలు.

ఇప్పుడు ఆయన పోయిన రోజుకి వస్తాను.

నేను వెళ్లేసరికి క్యాంప్ 1 సందులో జనం. కూతురు విశాఖపట్నం నుంచి రైలెక్కింది, పక్క ఊరు దుర్గ్‌లో దిగి వచ్చేదాకా ఉంచాలి. బయట నిప్పులు చెరుగుతోంది. చర్చివాళ్లు ఎక్కడి నుంచో అద్దం మూత ఉన్న చల్లపెట్టె తెప్పించారు. మావయ్యని అప్పుడే అందులో పడుకోబెట్టారు. అడుగున ఇనుము. చుట్టూ కడిగిన నేల ఇంకా తడి. అత్తయ్య గుమ్మంలోంచి ఆ పెట్టె వైపే నడుస్తోంది, రెండు చేతులూ ముందుకి చాపి. నా కళ్లు అలవాటు కొద్దీ వైరు వెంబడి గోడ దాకా వెళ్లాయి. ప్లగ్గు లేదు. తీగల్ని సాకెట్టులో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చారు. ఆకుపచ్చ తీగని వెనక్కి మడిచి టేపు చుట్టేశారు. పెట్టె తెచ్చిన వ్యాను అతను స్విచ్ మీద వేలు పెట్టి ఉన్నాడు.

"అత్తయ్యా, ముట్టుకోకు" అన్నాను.

ఆమె ఆగింది. మొగుడి శవాన్ని ముట్టుకోవద్దన్న మనిషిని ఆ ఇంట్లో అందరూ ఎలా చూశారో మీరు ఊహించుకోగలరు. నేను వ్యాను అతని చెయ్యి పక్కకి తీసి, గోడ మీద ఫ్యూజు ఊడదీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. ఫ్యాన్లు ఆగిపోయాయి. గొణుగుడు మొదలైంది. శవం పాడైపోతుందని ఒకరు. ఈ సమయంలో ఇదేం చాదస్తం బహన్‌జీ, జల్దీ చెయ్యండని ఇంకొకరు. ఒక పెద్దాయన తీగ ముక్క ఏదైనా ఉంటే ఫ్యూజు బదులు తనే తగిలించేస్తానని బోర్డు దగ్గరికి వెళ్లాడు. పుణ్యాత్ముడు. నేను నోరు తెరిచేలోపు అత్తయ్య ఆయనకి అడ్డంగా వెళ్లి నిలబడింది.

"ఫ్యూజు ఆ పిల్ల దగ్గరే ఉంటాది. నువ్వు కూకో" అంది.

మంచం కింద మావయ్య పనిముట్ల పెట్టెలో ప్లగ్గు దొరికింది. నేల మీద కూర్చున్నాను. తొడుగు కోస్తే తీగ మీద గాటు పడింది. కత్తిరించి పారేసి మళ్లీ మొదలుపెట్టాను. చుట్టూ అంతమంది, అంత ఉక్క, అందరి చూపులూ నా వేళ్ల మీదే. తొందరపడకు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఆకుపచ్చ తీగ మడత విప్పి, టేపు ఊడదీసి, పొడుగు ఉంచి, పిన్ను దగ్గర పెట్టాను. "పచ్చ, పైన, ఎర్త్" అన్నాను.

ఎవరూ పలకలేదు. పలికేవాడు ఎక్కడున్నాడో అప్పుడు తెలిసొచ్చింది. స్క్రూ తిప్పలేకపోయాను. కళ్లు మసకబారి ఆ పచ్చరంగు కూడా సరిగ్గా కనబడలేదు.

"ఇన్నాను" అంది అత్తయ్య.

నా పక్కనే నేల మీద కూర్చుని ఉంది. ఇంట్లో కూడా ఆయన వినేవాళ్లు లేకుండా ప్లగ్గు కట్టలేదని నాకు ఆ క్షణం దాకా తెలియదు. ఎరుపు అన్నాను, విన్నానంది. నలుపు అన్నాను, విన్నానంది. ఒక్కొక్కటీ లాగి చూసి మూత బిగించాను. ఫ్యూజు పెట్టి స్విచ్ వేశాను. పెట్టె సన్నగా మూలిగి నడవడం మొదలైంది. గోడ నీడలో టెస్టరు ఆనించి చూశాను, వెలగలేదు. అప్పుడు చేతి వెనకవైపు ఇనుముకి తాకించాను. చల్లగా ఉంది. అంతే, చల్లగా మాత్రమే ఉంది.

"ఇప్పుడు ముట్టుకో అత్తయ్యా" అన్నాను.

ఆమె లేచి రెండు అరచేతులూ పెట్టె మీద వేసింది. వంగి, ఆయన మొహానికి తిన్నగా అద్దం మీద చెంప ఆనించి, అప్పుడు ఏడ్చింది. ఆమె ఊపిరికి అద్దం మసకబారి ఆయన మొహం కనబడకుండా పోయింది. కొంగుతో తుడిచింది. కనబడ్డాడు. మళ్లీ వంగింది, మళ్లీ మసకబారింది, మళ్లీ తుడిచింది.